పరుపుల కొట్టులో వాపసు

ముందే ఒప్పేసుకుంటున్నాను. తర్వాత మీరు కనిపెట్టి నిలదీస్తే నాకు మొహం చెల్లదు. గోరంతని గోరంతగా చెప్పడం నాకు చేతకాదు. మా రేపల్లెలో వాన పడిందని చెప్పాలంటే ముందు సముద్రం లేచి వచ్చి బస్టాండులో కూర్చోవాలి. చేపల పులుసు బాగా కుదిరిందని చెప్పాలంటే పక్కింటివాళ్ళు గిన్నెలు పట్టుకుని గోడ దూకాలి. ఈ జబ్బుకి మా ఆవిడ ఒక వైద్యం కనిపెట్టింది. నేను ఏ అంకె చెప్పినా నాలుగుతో భాగిస్తుంది. ఏ గొడవ గురించి చెప్పినా అందులో నేను గెలిచిన ముక్క కొట్టేసి మిగతాది వింటుంది. ముప్ఫయ్యేళ్ళ కాపురం ఆ లెక్క మీదే నడిచింది, వారపత్రికల్లో హాస్యం రాసి నాలుగు మెతుకులు తిన్న సంసారం కూడా ఆ కోతల మీదే నడిచింది. మీరూ అలాగే భాగించుకుంటూ చదవండి. అసలు ఎక్కడ కల్పించానో ఆఖర్న నేనే చెబుతాను.

మొన్న తెనాలిలో మస్తాన్ గారింటికి వెళితే నా ఒళ్ళో ఒక దిండు పెట్టారు. ఇంటికొచ్చినవాడికి ఎవరైనా మంచినీళ్ళు ఇస్తారు, టీ ఇస్తారు. రజియా దిండు ఇచ్చింది. రజియా మస్తాన్ గారి ఒక్కగానొక్క కూతురు. నేను మొదటిసారి చూసినప్పుడు దూదికుప్పలో మెడదాకా దిగి ఆడుకునే పిల్ల, ఇప్పుడు వేమూరులో బళ్ళో పాఠాలు చెబుతోంది. "తల కింద పెట్టుకునేది కాదన్నయ్యా, లోపల చెయ్యి పెట్టి చూడండి," అంది. నీలం చారల గలీబు, మూతి దగ్గర కుట్టు విప్పి ఉంది. దూది తగలాల్సిన చోట కాగితాలు తగిలాయి. ఒకటి పైకి లాగాను. ఆకుపచ్చ సిరా, ఎర్ర సిరాతో అండర్‌లైన్లు, కింద నా సంతకం, సంతకం పక్కన ఇరవయ్యేళ్ళ వయసులో నేను తగిలించుకున్న కలంపేరు. ఆ పేరేంటో చెప్పను, మా పిల్లలు ఇది చదువుతారు. ఇంకోటి లాగాను. అది బాపట్ల సాంబశివరావుది. ఇంకోటి, ఇంకోటి. ఆ దిండు రెండు మణుగులుంటుంది. మా ఆదివారాలన్నీ అందులో ఉన్నాయి. మస్తాన్ గారు మాత్రం అందులో లేరు.

మార్కెట్టు వెనక సందులో, సోడాల కొట్టుకీ సైకిళ్ళ కొట్టుకీ మధ్య నలిగిపోయి ఉండేది మస్తాన్ గారి పరుపుల కొట్టు. ఎంత ఇరుకంటే, లావుపాటి మనిషి బేరానికి లోపలికి రావాలంటే ముందు లోపలున్న పరుపు బయటికెళ్ళాలి. ఆరు రోజులూ దూది ఏకే విల్లు టంగు టంగుమని మోగుతూనే ఉండేది. ఆ సందులో పుట్టిన పిల్లలకి తాళజ్ఞానం అక్కణ్ణించే అబ్బిందని నా నమ్మకం. ఏడో రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత విల్లు మేకుకి తగిలించి, కొత్తగా కుట్టిన పరుపులు రెండు నేలమీద పరిచి, "రండయ్యా, అంచుల్లో కూర్చోండి. నడిమధ్య రేపు ఎవరో నిద్రపోవాల్సిన చోటు," అనేవారు. ఆ పరుపులు సోమవారం ఎవరింటికో బండెక్కి వెళ్ళిపోయేవి. తెనాలిలో ఎన్ని కొత్త జంటలు మా విప్లవ కవిత్వం మీద పడుకుని కాపురం మొదలుపెట్టాయో, వాళ్ళ పిల్లలు ఎంత కోపిష్టులుగా పుట్టారో ఎవరూ లెక్కతీయలేదు.

ఆ కొట్టు వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. బూరుగు దూది ఎండకి వేడెక్కితే వచ్చే పొడిపొడి వాసన, దానిమీద అల్లం టీ, ఆ పైన సోడాకొట్టు నించి నిమ్మకాయ, సైకిళ్ళ కొట్టు నించి రబ్బరు సొల్యూషను. వీటన్నిటి మధ్యా సన్నగా అత్తరు. మస్తాన్ గారు కుడి చెవిలో అత్తరు దూది పెట్టుకునేవారు. ఎవరైనా కవిత చదవడానికి కాగితం విప్పగానే ఆ దూది తీసి చొక్కా జేబులో వేసుకునేవారు. చదవడం అయ్యాక మళ్ళీ పెట్టుకునేవారు. ఆ చిన్న దూదిముక్క తీసిన తీరు చూస్తే, మన కవిత కోసం ఒక దర్వాజా తీసినట్టుండేది. తర్వాతి రోజుల్లో నన్ను పెద్ద పెద్ద సభల్లో వేదికల మీద కూర్చోబెట్టారు. కుర్చీకి తువ్వాలు వేశారు, సీసా నీళ్ళు పెట్టారు. నేను చదువుతుంటే చెవిలోంచి దూది తీసినవాడు మళ్ళీ కనపడలేదు.

ఆ కొట్టుకి ఒక పద్ధతి ఉండేది. ఎవరు చదివినా రెండుసార్లు చదవాలి. చదివాక కాగితం మస్తాన్ గారికిచ్చెయ్యాలి. ఆయన దాన్ని పరుపు మడతలోకి తోసేసేవారు. ఇక దాన్ని ఎవరూ చూడటానికి లేదు. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరూ తమ దగ్గర మిగిలిన పంక్తి తిరిగి చెప్పాలి. ఆయన దానికి వాపసు అని పేరు పెట్టారు. "మంచి లైను చెప్పమనట్లేదయ్యా. పరుపు మీద నించి మనిషి లేచాక గుంట మిగుల్తుంది చూశావా, ఆ గుంట చెప్పు," అనేవారు. మాటలు అటూ ఇటూ అయినా ఒప్పుకునేవారు. ఎవరి దగ్గరా ఏమీ మిగలకపోతే తిట్లుండేవి కాదు, నవ్వులుండేవి కాదు. "ఇంకా గడ్డలున్నాయయ్యా. ఏకి, వచ్చే ఆదివారం తీసుకురా," అనేవారు, అంతే. గడ్డలున్న కవి టీ తాగి, కారప్పూస తిని, తలవంచుకోకుండా ఇంటికెళ్ళేవాడు. ఇన్నేళ్ళలో నేను చూసిన మర్యాదల్లో అదే పెద్ద మర్యాద.

బాగుంది అనే మాట మాత్రం అక్కడ నిషేధం. నోరుజారి అన్నవాడు ఒక దిండు నింపాలి. దీనికి అందరికంటే ఎక్కువగా బలైపోయినవాడు మా సాంబడు, అంటే ఇందాక చెప్పిన బాపట్ల సాంబశివరావు. నాతో పాటు డిగ్రీ చదివేవాడు. బాపట్ల నించి పాసింజరెక్కి వచ్చేవాడు, జేబులో ఎప్పుడూ సూర్యలంక ఇసక ఉండేది. వాడికి పొగడ్త ఆవలింత లాంటిది, ఆపుకోలేడు.

"అద్భుతం బాబాయ్ గారూ! చాలా బాగుంది."

"సాంబయ్యా, దిండు."

"ఏంటండీ, మెచ్చుకోవడం కూడా తప్పేనా?"

"తప్పు కాదయ్యా, తేలిక. వాడు వారం రోజులు తన్నుకుని రాసుకొచ్చాడు. నువ్వు ఒక్క మాట వాడి మొహాన కొట్టి చేతులు దులుపుకుంటావా? విన్నావా, లేదా? విన్నవాడివైతే వాపసు చెప్పు. లేకపోతే దిండు నింపు."

గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని దబ్బనంతో దిండు మూతులు కుట్టే జైనబ్ పిన్ని, ఆవిడ మస్తాన్ గారి భార్య, తలెత్తకుండానే అనేది: "ఉండనీండీ, అననీండి. నాకు ఇంకా పది దిండ్లు నింపేవి ఉన్నాయి. సాంబా, ఇంకో కవిత కూడా బాగుందను నాయనా." ఆ ఏడాది తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో అమ్ముడుపోయిన దిండ్లలో సగం మా సాంబడి పొగడ్తలతో నిండినవే. వాటి మీద తలపెట్టినవాళ్ళకి తల తిరిగే ఉంటుంది.

నా సంగతి చెబుతాను. నేను తీసుకెళ్ళిన మొదటి కవిత పొడవు తెనాలి నించి రేపల్లె దారిలో జంపని దాకా ఉంటుంది. అందులో నెత్తురుంది, పిడికిళ్ళున్నాయి, సూర్యుడు ఏడుసార్లు ఉదయించాడు. రెండుసార్లు చదివేసరికి సోడాకొట్టు నించి నాకు సోడా వచ్చింది. వాపసు అడిగితే ఒక్కడూ నోరు విప్పలేదు. సాంబడు నోరు విప్పబోయి దిండు గుర్తొచ్చి మూసుకున్నాడు. గడ్డలున్నాయన్నారు మస్తాన్ గారు. పక్క ఆదివారం ఇద్దరు సూర్యుళ్ళని తీసేసి పట్టుకెళ్ళాను, అప్పుడూ గడ్డలే. మూడో ఆదివారం అందరూ మౌనంగా ఉంటే, చెవిలో దూది పెట్టుకోబోతూ ఆగి ఆయన అన్నారు: "నాన్న చొక్కా విదిలిస్తే గది నిండా ఊక." నేను తెల్లబోయాను. మా నాన్న రేపల్లెలో బియ్యంమిల్లు గుమాస్తా. ఆ పంక్తి ఎక్కడో సూర్యుడికీ పిడికిలికీ మధ్య పొరపాటున పడింది, కొట్టేద్దామనుకుని మర్చిపోయాను. "ఇది ఉండిపోయింది ప్రసాదూ. మిగతాదంతా నువ్వెక్కడో విన్నది. ఇది నువ్వు చూసింది," అన్నారు. గుమ్మం దగ్గర నించి పిన్ని, "ఊక ఒంటికి గుచ్చుకుంటుంది కదూ, మీ అమ్మ ఉతకలేక చచ్చిపోతుంది పాపం," అంది. ఆ రోజు నించి ఇవాళ్టి దాకా నేను రాసిందంతా ఆ ఒక్క పంక్తికి చేసిన సాగతీత. నేను ఊకని కొండ చేసి అమ్ముకుంటున్నవాణ్ణి. కానీ ఆ ఊకని నా చేతిలో పెట్టింది ఆయన.

మస్తాన్ గారు కూడా చెప్పేవారు. చదివేవారు అనకూడదు, ఆయన దగ్గర కాగితముండేది కాదు. ఎవరి దగ్గరైనా ఉండిపోతే అదే కాగితం అనేవారు. వారమంతా విల్లు మోతలో మనసులో కట్టుకుని, ఆదివారం అందరూ అయ్యాక ఆఖర్న చెప్పేవారు. ఇంటివాడు ముందు తింటే బాగుండదని ఆయన లెక్క. ఆయన వంతు వచ్చేసరికి ఎండ ఎదురుగోడ ఎక్కేది, రేపల్లె రైలు టైమయ్యేది. ఆ రైలు తప్పితే నాకింక రైలు లేదు, సాంబడి బాపట్ల పాసింజరు కూడా ఇంచుమించు అప్పుడే. ఆయన గొంతు సవరించుకునేవారు. నేనూ సాంబడూ లేచేవాళ్ళం. "వెళ్ళిరండయ్యా, రైలు మనకోసం ఆగదు," అంటూ ఆయన చెబుతూనే ఉండేవారు, సగం మాట వీపుకి తగిలేది. జంపని దాటుతుంటే చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన కిటికీలోంచి కొట్టేది, ఆ వాసనలో నా పంక్తులు నేనే నెమరేసుకుంటూ వెళ్ళేవాణ్ణి. ఎదుటివాళ్ళు నాకిచ్చిన వాపసులు అన్నమాట.

తర్వాత ఏమైందని అడగకండి. ఏ గొడవా జరగలేదు, అదే విచారం. ఒక ఆదివారం నాకు పెళ్ళిచూపులొచ్చాయి, ఇంకో ఆదివారం సాంబడికి ఉద్యోగ పరీక్ష వచ్చింది, ఆ తర్వాత ఆదివారాలకి మేమే రాలేదు. పరుపులు స్పాంజివి వచ్చాయి. విల్లు చాలా రోజులు మేకు మీదే ఉండేది. మస్తాన్ గారు పాత పరుపులు విప్పి మళ్ళీ ఏకిచ్చే పని చేసుకుంటూ, ఇంట్లోనే దిండ్లు కుట్టుకుంటూ గడిపారు. అప్పుడప్పుడూ తెనాలి వెళ్ళినప్పుడు సందు మొదట్లో నించే ఒక దణ్ణం పెట్టి వచ్చేవాణ్ణి.

సాంబడు పెద్ద కవి అయిపోయాడు. ఇప్పుడు వాడి పేరుకి ముందు కవితాగజేంద్ర అని ఉంటుంది. వాడికి కప్పిన శాలువాలు పరిస్తే బాపట్ల నించి సముద్రం దాకా కాలికి ఇసక అంటకుండా నడవొచ్చు. వాడూ నేనూ కలిసి ఫోనులో ఒక గుంపు పెట్టాం, మూడూళ్ళ కవికుటుంబం అని. మూడొందలమంది సభ్యులు, రోజుకి నాలుగొందల కవితలు. వందమంది కవితలు పెట్టకుండానే పడుకుంటారు కాబట్టి మిగతావాళ్ళు రెండేసి పెడతారు. ఒక్కో కవిత కింద చప్పట్ల బొమ్మలు, పూలగుత్తులు, దణ్ణాలు. కవిత పూర్తిగా చదవడానికి రెండు నిమిషాలు పడితే చప్పట్లు అర నిమిషంలో వచ్చేస్తాయి. సాయంత్రానికి సాంబడు పూల అంచున్న ప్రశంసాపత్రం ఒకటి తయారుచేసి నేటి మేటి కవి అని ఒకరి ఫొటో అంటిస్తాడు. అందరం అందరినీ ప్రోత్సహిస్తాం. అందులో దిండ్లు నింపే శిక్ష పెడితే ఈపాటికి దేశంలో బూరుగు చెట్లు మిగిలేవి కావు.

ఆ గుంపులోకి మస్తాన్ గారిని కూడా లాగింది నేనే. పాపం పెద్దాయన మురిసిపోతారనుకున్నాను. ఆయన కవిత పెట్టలేదు. ఎవరు ఏది పెట్టినా దానికింద, అదే కవితలోంచి ఒక్క పంక్తి టైపు చేసి పెట్టేవారు. దణ్ణం లేదు, పువ్వు లేదు. ఒక్క పంక్తి. రోజుకి నాలుగొందలు కాకపోయినా, నలభై కవితలకి నలభై వాపసులు. కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుని నొక్కేవారని రజియా ఇప్పుడు చెబుతోంది. "పొద్దున్నించీ అదే పని అన్నయ్యా. అన్నం చల్లారిపోయేది. ఎవరో రాసుకొచ్చారమ్మా, విని ఊరుకుంటే ఎట్లా అనేవాళ్ళు."

ఒక కొత్త కవికి ఇది నచ్చలేదు. "ఈ మస్తాన్ ఎవరో నా కవితలో లైన్లు ఎత్తి తన పేరు మీద పెట్టుకుంటున్నారు, అడ్మిన్లు గమనించాలి," అని రాశాడు. దానికి యాభై మంది చప్పట్లు పెట్టారు. తర్వాత ఇంకో ఇద్దరు తమ పంక్తులు కూడా దొంగిలించబడ్డాయన్నారు. సాంబడు నాకు ఫోన్ చేశాడు.

"ఒరేయ్ ప్రసాదూ, బాబాయ్ గారు ఇంకా వాపసులు చెబుతున్నార్రా. జనానికి ఎక్కట్లా."

"పోనీ అందరికీ చెబుదామా, ఇది మన పాత పద్ధతని?"

"పిచ్చోడా! చెబితే ఇంక అందరూ చదవాల్సొస్తుంది కదరా!"

ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. ఆ జోకుని నేను తర్వాత రెండు వ్యాసాల్లో వాడుకున్నాను కూడా. ఆ సాయంత్రం సాంబడు గుంపులో రాశాడు: పెద్దలు మస్తాన్ గారు ఇతరుల పంక్తులు తిరిగి పెట్టవద్దని మనవి, నచ్చితే చప్పట్ల బొమ్మ పెట్టగలరు. నేను దానికింద దణ్ణం పెట్టాను. ఆ దణ్ణం ఎవరికో నాకే తెలీదు. కాసేపటికి మస్తాన్ గారి నించి ఒక చప్పట్ల బొమ్మ వచ్చింది. ఒక్కటే. ఆ తర్వాత ఆ నంబరు నించి ఇంకేమీ రాలేదు, మాకూ అదేంటని అడగాలనిపించలేదు.

చాలా నెలల తర్వాత ఒక ఉదయం ఆ నంబరు నించి ఇది వచ్చింది:

నాన్న పొద్దున
టీ అడిగారు
తెచ్చేలోపు
వెళ్ళిపోయారు
అసర్ నమాజు తర్వాత
తీసుకెళ్తాం

రజియా రాసింది. ఏడుస్తూ, ఒక్కో ముక్కా నొక్కి, ప్రతి ముక్కకీ కింది గీతలోకి దిగుతూ రాసింది. అది చూడ్డానికి అచ్చం మా గుంపు సరుకులాగే ఉంది. అర నిమిషంలో చప్పట్లు మొదలయ్యాయి. "మినీ కవిత అంటే ఇదీ!" అన్నారొకరు. "తెచ్చేలోపు దగ్గర ఆగిపోయాను సార్, కదల్లేకపోయాను," అన్నారింకొకరు, కదిలి పక్క కవితకి వెళ్ళిపోతూ. "ముగింపు ఇంకాస్త బలంగా ఉండాల్సింది," అని ఒక విమర్శకుడు. మధ్యాహ్నానికి సాంబడి ప్రశంసాపత్రం వచ్చేసింది, పూల అంచుతో, నేటి మేటి కవి మస్తాన్ గారికి అభినందనలు అని. నేను పెట్టలేదని రాసుకుందామని నిన్నంతా కాగితం ముందు కూర్చున్నాను. పెట్టాను. మూడు జతల చప్పట్లు పెట్టాను. అప్పుడు టిఫిన్ తింటున్నాను, ఎడమచేత్తో పెట్టాను.

సాయంత్రం రజియా మళ్ళీ రాసింది: "ఇది కవిత కాదండీ. మా నాన్న చనిపోయారు. మట్టి అయిపోయింది." దానికి కూడా ముగ్గురు చప్పట్లు పెట్టారు. ఇది మా ఆవిడకి చెబితే అలవాటు ప్రకారం నాలుగుతో భాగించబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. మూడొందలమంది కవికుటుంబంలో తెనాలివాళ్ళే వందమంది. అందులో నలుగురు ఆ పక్క సందువాళ్ళు. జనాజా వెనక ఒక్క కవి నడవలేదు. సోడాకొట్టు వాళ్ళబ్బాయి నడిచాడట, సైకిళ్ళ కొట్టు ముసలాయన నడిచాడట.

అందుకని వారం పోయాక, సిగ్గు కాస్త చల్లారాక వెళ్ళాను. అప్పుడే రజియా దిండు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. జైనబ్ పిన్ని అదే ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. చేతిలో దబ్బనముంది గాని కుట్టడం లేదు. నన్ను చూసి, "రా నాయనా. చిక్కిపోయావే," అంది. నేను మూడేళ్ళుగా లావెక్కుతున్నాను. ఒక్క మాట కూడా నిష్ఠూరం ఆడలేదు. ఆడితే బాగుండేది.

రజియా అడిగింది: "నలభయ్యో రోజు ఫాతిహా పెట్టుకున్నాం అన్నయ్యా. చుట్టాలూ, సందులోవాళ్ళూ అందరూ వస్తారు. వాళ్ళ ముందు నాన్నది ఒక్కటి, ఒక్క లైనైనా చదువుదామని. దిండంతా విప్పి చూశాను. అన్నీ మీవే. ఆయనది ముక్క లేదు. మీ దగ్గర ఉండిపోయింది ఏదైనా ఉంటే చెప్పండి."

"పిన్నికి తెలీదా?" అన్నాను, తప్పించుకోవడానికి.

పిన్ని తలెత్తింది. "నాకు ఆయన మాటలన్నీ గుర్తున్నాయి నాయనా. కానీ ఏది కవితో, ఏది మామూలు మాటో నాకు తెలవదు. టీ కావాలన్నా అట్లానే అనేవాళ్ళు. మీరు చదువుకున్నవాళ్ళు, వారం వారం ఎదురుగా కూర్చుని విన్నవాళ్ళు. మీకు తెలుస్తుంది."

తల్లీకూతుళ్ళిద్దరూ నా నోటి వంక చూస్తున్నారు. నేను కళ్ళు మూసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. ఒక ఆదివారం పెద్దవాన, జంపని దగ్గర పట్టాల మీద నీళ్ళొచ్చి రేపల్లె రైలు ఆగిపోయింది. కదలడానికి లేక కొట్లోనే ఉండిపోయాను. ఆ రోజు ఆయన చెప్పింది మొత్తం విన్నాను. చూరు నించి నీళ్ళు కారుతుంటే, మేకుకి వేలాడుతున్న విల్లు వంక చూస్తూ చెప్పారు. "ఏకిన దూదికి ఏ చేను గుర్తు?" ఆ వానరోజు సంగతి చెప్పి, పంక్తి పైకి అన్నాను.

రజియా వెంటనే చేతిమీద రాసుకుంది, కాగితం వెతుక్కునే ఓపిక లేక. పిన్ని దబ్బనం కింద పెట్టింది. పెదాలతో ఒకసారి అనుకుంది. ఆవిడకి ఆ కొట్టు పద్ధతి ఇంకా ఒంట్లోనే ఉంది. కళ్ళు మూసుకుని వాపసు చెప్పింది, "ఏకిన దూదికి ఏ చేను గుర్తు." తర్వాత అంది: "ఆయనదే. ఇంకెవరంటారు ఇట్లా? ఆయన గొంతే వినపడింది నాకు." కొంగుతో మొహం తుడుచుకుని, "నువ్వన్నా దాచిపెట్టావు నాయనా, చల్లగా ఉండు," అంది.

నలభయ్యో రోజున రజియా ఆ పంక్తి చదివింది. మా కవికుటుంబం ఈసారి కదిలొచ్చింది, రెండు కార్లలో. సాంబడు ఫ్లెక్సీ వేయించుకొచ్చాడు, పెద్దాయన ఫొటో, పక్కన ఆ పంక్తి, దానికంటే కాస్త పెద్ద అక్షరాల్లో వాడి పేరు. నన్ను పక్కకి లాగి, "ఆ వానరోజు నేనూ నీ పక్కనే ఉన్నాను కదరా. ఆ లైను వినగానే ఒళ్ళు జలదరించింది, గుర్తుందా?" అన్నాడు. ఆ కొట్టు గడప తొక్కనివాళ్ళు కూడా ఆ పంక్తి తాము ఆయన నోట విన్నామని గుంపులో రాస్తున్నారు. లైన్లు ఎత్తేస్తున్నారని ఫిర్యాదు చేసిన కుర్రకవి దానిమీద రెండు పేజీల వ్యాసం రాశాడు. జ్ఞాపకం చెరిగిపోవడం గురించి ఇంత గొప్పగా ఎవరూ చెప్పలేదట. ఐదొందల చప్పట్లు వచ్చాయి. అందరూ బాగుందనే అన్నారు. ఒక్కరు కూడా దిండు నింపలేదు.

ఇక మాటిచ్చాను కాబట్టి చెబుతాను. దిండు రెండు మణుగులు లేదు, కానీ కాగితాలతో నిండి ఉన్నమాట నిజం. సూర్యుడు ఏడుసార్లు కాదు, ఐదుసార్లు ఉదయించాడు. శాలువాలు సముద్రం దాకా రావు. చావుకబురుకి చప్పట్లు నిజం, ప్రశంసాపత్రం నిజం, ఆ ముగ్గురూ నిజం. వాటిని ఏ అంకెతోనూ భాగించకండి. నేను కల్పించింది ఒక్కటే, ఆ వానరోజు. జంపని దగ్గర పట్టాల మీదికి నీళ్ళు రాలేదు. ఏకిన దూది పంక్తి మస్తాన్ గారిది కాదు. ఆ ఇద్దరూ నా వంక చూస్తుంటే, వెతికి వెతికి ఏమీ దొరక్క, అక్కడికక్కడ నేను అల్లింది. నా బతుకులో నేను రాసిన మంచి పంక్తి అదొక్కటే, దానికింద నా పేరు పెట్టుకోవడానికి లేదు. పిన్నికి చెప్పలేదు. ఇది ఆవిడ చదవదు, రజియా చదువుతుందేమో తెలీదు.

ఆ రైలు సంగతి కూడా చెప్పాలి. తప్పితే ఇంకో రైలు లేదన్నది నిజమే గాని, ఆ రైలు ఏనాడూ టైముకి రాలేదు. పరుగెత్తుకుంటూ వెళ్ళి, స్టేషన్లో సాంబడూ నేనూ ముప్పావుగంట వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, ఆ రోజు ఎవరి కవితకి ఎన్ని వాపసులొచ్చాయో లెక్కపెట్టుకునేవాళ్ళం. అన్ని ఆదివారాలు ఆయన ఎదురుగా కూర్చున్నాను. నా దగ్గర నిజంగా ఉండిపోయింది ఒక్కటే. ఆఖర్న ఆయన గొంతు సవరించుకున్న చప్పుడు, అది వినపడగానే పరుపు అంచు కింద చెప్పుల కోసం తడుముకున్న నా కాళ్ళు.